పసుపు మనది, పానా వాళ్ళదా?

నౌపడ ఉప్పు మళ్ళ మధ్య రోడ్డు మీద, మే నెల మిట్టమధ్యాహ్నం, మేం ఎక్కిన జీపు ఆగిపోయింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి బుసబుసమని లేస్తోంది. జీపులో ఉన్న నలుగురమూ ఆడవాళ్ళమే. ఉప్పు మళ్ళలో పనిచేసే స్త్రీలతో కూలి రేట్ల గురించి మాట్లాడడానికి సంతబొమ్మాళి మండలంలోని ఊళ్ళకు బయలుదేరాం. బండి ఒక స్వచ్ఛంద సంస్థది. డ్రైవరుకు ఆ రోజు సెలవు. ముప్పై అయిదో ఏట డ్రైవింగ్ నేర్చుకున్న మా సహచరి నడుపుతోంది. మాలో ఒకరు ఎమ్మే చదివారు, ఒకరు లాయరు, నాకు సోషియాలజీలో డాక్టరేట్ ఉంది. కానీ ఆ ఆవిరి ఎక్కడి నుంచి వస్తోందో, దాన్ని ఏం చేయాలో నలుగురిలో ఒక్కరికీ తెలియదు.

పది నిమిషాల్లో అయిదారుగురు మగవాళ్ళు పోగయ్యారు. ఎవరికి తోచిన సలహా వాళ్ళిచ్చారు. "ఆడోళ్ళు తోలితే ఇంతే" అని ఒకాయన నవ్వాడు. ఒక కుర్రాడు తువ్వాలు కూడా చుట్టుకోకుండా రేడియేటర్ మూత మీద చెయ్యి వెయ్యబోయాడు. అప్పుడే నీళ్ళ బిందెతో అటు వస్తున్న ఒక పెద్దమ్మ గట్టిగా అరిచింది. "ఒరే గుంటా, ముట్టుకోకు! కుక్కరు మూతలాగే అదీని. ఆవిరి మొకం మీద కొడతాది."

ఆ కుర్రాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆమె అరవకపోయి ఉంటే ఆ కుర్రాడి మొహం కాలిపోయి ఉండేది. కారు లోపల ఎలా ఉంటుందో ఆమె ఎన్నడూ చూసి ఉండదు. ఆవిరి సంగతి మాత్రం ఆమెకు తెలుసు.

కాసేపటికి ఒక లారీ డ్రైవరు ఆగాడు. బండి కింద పాకి చూసి, "రేడియేటర్ కారుతోంది మేడం. పసుపుందా?" అన్నాడు. మాకర్థం కాలేదు. పెద్దమ్మ ఇంటికి వెళ్ళి గుప్పెడు పసుపు కాగితంలో పొట్లం కట్టి తెచ్చింది. ఇంజిను పూర్తిగా చల్లారాక అతను రెండు చెంచాల పసుపు రేడియేటర్‌లో వేశాడు. ఇక నీళ్ళు కావాలి. పక్కనే నుయ్యి ఉంది. దాని వైపు చూశాం.

"అవి ఒద్దమ్మా. మా నూతి నీళ్ళు ఉప్పన. ఇనుముని తినేస్తాయి. ఇవి పొయ్యండి" అని ఆమె తన బిందె దింపింది. అవి తాగే నీళ్ళు. ఆమె దూరం నుంచి మోసుకొస్తున్నవి. బిందెడు నీళ్ళూ జీపు తాగేసింది. ఆమె మారుమాట లేకుండా మళ్ళీ నీళ్ళకి బయలుదేరింది.

మేం టెక్కలి చేరాం. అక్కడి మెకానిక్ బండి చూసి, మా వైపు చూడకుండానే, "రేడియేటర్ మొత్తం మార్చాలి. సార్ని రమ్మనండి, ఆయనతో మాట్లాడతాను" అన్నాడు. మా సంస్థలో ఆ బండికి సంబంధించిన సార్ ఎవరూ లేరు. తర్వాత తెలిసిన వేరొకరికి చూపిస్తే తేలింది వేరే సంగతి. కింది హోస్ పైపుకు ఉండే క్లిప్పు వదులైంది. రేడియేటర్ గొట్టానికి ఒకచోట సూది బెజ్జమంత చిల్లు ఉంది. అంతే.

ఈ సంఘటన జరిగి కొన్నేళ్ళయింది. కానీ ఆ రోజు నుంచి ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. ఆ మధ్యాహ్నం ఆ బండిని కదిలించిన పసుపు, నీళ్ళు, ఆవిరి గురించిన హెచ్చరిక, మూడూ ఒక స్త్రీ ఇంటి నుంచి, ఒక స్త్రీ అనుభవం నుంచి వచ్చినవే. అయినా ఆ బండి బాగుపడిన కథలో మెకానిక్ లారీ డ్రైవరే. ఆమె 'సాయం చేసిన ముసలమ్మ', మేం 'దారిలో చిక్కుకున్న ఆడవాళ్ళం'. ఎందుకిలా?

కుక్కరు తెలిసిన వాళ్ళకు రేడియేటర్ తెలియదా?

కారు గురించి మాట్లాడితే హక్కుల పత్రికలో ఇదేం గొడవ అని కొందరు అనుకోవచ్చు. ఆ మాటకు తర్వాత వస్తాను. ముందు ఆ వస్తువేమిటో చూద్దాం. ఎందుకంటే మనకు అర్థం కాదని మనల్ని నమ్మించిన వాటిలో ఇదొకటి.

ఇంజినులో ఇంధనం మండితే పుట్టే వేడిలో చాలా భాగం బండిని నడపదు. మొత్తం వేడిలో ఇంచుమించు మూడో వంతును నీళ్ళే మోసుకుపోవాలి. ఒక పంపు ఆ నీటిని ఇంజిను చుట్టూ తిప్పుతుంది. వేడెక్కిన నీళ్ళు పైపు గుండా రేడియేటర్‌లోకి వచ్చి, సన్నటి గొట్టాల్లో పారుతూ, ఎదురుగాలికీ ఫ్యానుకూ చల్లారి, మళ్ళీ ఇంజినులోకి పోతాయి. వేడి గంజిని వెడల్పు పళ్ళెంలో పోసి ఆరబెట్టడం లాంటిదే ఇది.

మూత సంగతి ఇంకా దగ్గరిది. మన ఇళ్ళలోని ప్రెషర్ కుక్కరు లోపల ఒత్తిడీ, చాలా కార్లలో రేడియేటర్ మూత ఆపే ఒత్తిడీ దాదాపు సమానం. రెండింటిలోనూ చదరపు అంగుళానికి సుమారు 15 పౌండ్లు. ఆ ఒత్తిడిలో నీళ్ళు 100 డిగ్రీల దగ్గర కాక 120 డిగ్రీల దగ్గర మరుగుతాయి. అందుకే విజిల్ ఆగకుండా కుక్కరు మూత తియ్యకూడదు, ఇంజిను చల్లారకుండా రేడియేటర్ మూత తియ్యకూడదు. కుక్కరుకు గ్యాస్కెట్ ఉన్నట్టే దానికీ రబ్బరు వాషరు ఉంటుంది. కుక్కరుకు సేఫ్టీ వాల్వు ఉన్నట్టే ఆ మూతలో స్ప్రింగు వాల్వు ఉంటుంది. గ్యాస్కెట్ సాగిపోయిందని గుర్తుపట్టి, మార్చి, వెయిట్ కింది సన్న గొట్టంలో ఇరుక్కున్న మెతుకును పుల్లతో తీసి, రోజూ పేలుడు ప్రమాదం ఉన్న యంత్రాన్ని నడిపే స్త్రీలు ఈ దేశంలో కోట్ల మంది ఉన్నారు. వాళ్ళనెవరూ మెకానిక్కులు అనరు. అది 'వంట' కదా!

కారడం అనేది కూడా స్త్రీలకు కొత్త కాదు. చిల్లుపడ్డ బిందెను ఎండకు ఎత్తిపట్టి వెలుతురు ఎక్కడ పడుతోందో చూసి, మాట్లు వేసేవాడికి వేలితో చూపించింది ఎవరు? ఆవిరి పోకుండా కుండ మూత చుట్టూ తడి పిండి అద్దింది ఎవరు? కారే చోటు కనిపెట్టడం, ఆరబెట్టడం, మూయడం, మూసింది నిలిచిందో లేదో చూడడం. ఈ పని వరస రేడియేటర్‌కైనా అదే.

ఇంట్లో ఎంతవరకు చెయ్యొచ్చు?

ఆ తర్వాత నేనూ మా సహచరీ పట్టుబట్టి కొంత నేర్చుకున్నాం. నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. క్షేత్రంలో తిరిగే కార్యకర్తలకు పనికొస్తుంది.

ఆవిరి కనబడగానే బండి పక్కకు ఆపి ఇంజిను కట్టేయాలి. కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి. ఆ తర్వాత కూడా మందపాటి గుడ్డ వేసి, మొహం దూరంగా పెట్టి, మూతను ముందు కొంచెం మాత్రమే తిప్పాలి. బుస్సుమనే శబ్దం పూర్తిగా ఆగాకే తియ్యాలి. కాగిన ఇంజినులో చన్నీళ్ళు పొయ్యకూడదు. వేడి పెనం మీద నీళ్ళు కొడితే ఏమవుతుందో మనకు తెలుసు, ఇనుము కూడా పగలొచ్చు.

ఎక్కడ కారుతోందో తెలియకపోతే రాత్రి బండి కింద ఒక పెద్ద అట్ట పరచాలి. పొద్దున తడి ఎక్కడుందో దాని పైభాగంలో వెతకాలి. కారి ఆరిన చోట తెల్లగానో పచ్చగానో పొక్కు కట్టి ఉంటుంది. ముందు చూడాల్సింది రేడియేటర్‌ని కాదు, పైపులను. క్లిప్పు వదులైతే స్క్రూడ్రైవర్‌తో బిగిస్తే సరిపోతుంది. పైపు చివర చీలితే ఆ ముక్క కోసేసి మళ్ళీ ఎక్కించవచ్చు. మధ్యలో చీలితే తడి తుడిచి, పాత సైకిలు ట్యూబు చీలికను లాగి గట్టిగా చుట్టి కడితే ఊరు చేరతాం. మూత వాషరు ఎండి పగిలిందేమో, అడుగున నీళ్ళు వదిలే మరకు వదులైందేమో కూడా చూడాలి. ఇవేవీ కాకపోతేనే రేడియేటర్‌లో చిల్లు.

చిన్న చిల్లయితే నీళ్ళు తీసేసి, ఆ చోటును గరుకు కాగితంతో రుద్ది, నూనె, దుమ్ము లేకుండా తుడిచి, బాగా ఆరనివ్వాలి. ఎం-సీల్ లాంటి మందులో ఉండే రెండు ముద్దలనూ ఒకే రంగు వచ్చేదాకా చపాతీ పిండిలా పిసికి, చిల్లు మీద నొక్కి, రాత్రంతా గట్టిపడనివ్వాలి. ఇది కొన్నాళ్ళకే ఆసరా. ఇప్పటి కార్లలో అల్యూమినియం గొట్టాలకు అటూ ఇటూ ప్లాస్టిక్ తొట్లు ఉంటాయి. ఆ ప్లాస్టిక్ పగిలితే ఏ మందూ ఎక్కువ కాలం ఆగదు, మార్చాల్సిందే. పాత రాగి, ఇత్తడి రేడియేటర్లకు టంకం వేయించవచ్చు. అది ఇంట్లో చేసే పని కాదు.

ఇక పసుపు. మన దేశంలో లారీ డ్రైవర్లకు ఇది ఎన్నాళ్ళుగానో తెలిసిన చిట్కా. ఇతర దేశాల్లో మిరియాల పొడి, కోడిగుడ్డు తెల్లసొన వాడతారు. పొడి నీళ్ళతో తిరుగుతూ చిల్లు దగ్గర చేరి ఇరుక్కుంటుంది. తెల్లసొన వేడికి గడ్డకట్టి అడ్డుపడుతుంది. సీసాల్లో అమ్మే కారుడు మందులు కూడా చాలావరకు ఇదే సూత్రం మీద పనిచేస్తాయి. కానీ చిల్లులో ఇరుక్కునే పొడి, బాగున్న సన్న గొట్టాల్లోనూ ఇరుక్కుంటుంది. అందుకే పసుపు ఊరు చేర్చే మందే గాని రోగం కుదిర్చే మందు కాదు. ఊరు చేరాక లోపలంతా కడిగించాలి. ఇది మనలో చాలామంది మరిచిపోతారు. మేమూ మరిచిపోయాం. ఆ తప్పుకు తర్వాత డబ్బు కట్టాం.

నీళ్ళ విషయంలో ఆ పెద్దమ్మ చెప్పింది అక్షరాలా నిజం. ఉప్పు నీళ్ళు లోహాన్ని తింటాయి. అల్యూమినియాన్ని మరీను. తీరం పొడుగునా చాలాచోట్ల నూతి నీళ్ళు ఉప్పగా ఉంటాయి. గట్టి నీళ్ళయితే కుండ అడుగున పేరుకున్నట్టే గొట్టాల్లో సున్నం పేరుకుంటుంది. అందుకే బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరు, కూలెంటు కలిపి పొయ్యాలి. మనకు మంచు గడ్డకట్టే బాధ లేదు గనక కూలెంటెందుకు అని కొందరు మానేస్తారు. తుప్పును ఆపేదీ, మరిగే వేడిని పెంచేదీ కూడా అదే. ఒక్క జాగ్రత్త. చాలా కూలెంట్లలో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. పిల్లలు, కుక్కలు, పశువులు నాకితే ప్రాణం మీదకు వస్తుంది. నేల మీద, నూతి దగ్గర పారబొయ్యకూడదు.

బయట చుక్క కూడా కారకుండా నీళ్ళు తగ్గిపోతుంటే, పొగ గొట్టంలోంచి తెల్లటి పొగ వస్తుంటే, ఇంజిన్ ఆయిల్ పాలు కలిపిన టీలా ఉంటే, జబ్బు లోపలిది. అప్పుడు మన చేతులు పక్కన పెట్టి మెకానిక్ దగ్గరకు వెళ్ళాలి. ఏది మనం చెయ్యకూడదో తెలియడం కూడా తెలివే. అప్పుడు వెళ్ళేది ఏమీ తెలియని మనుషుల్లా కాదు, ఏం అడగాలో తెలిసిన మనుషుల్లా వెళతాం. 'సార్ని రమ్మనండి' అనే మాటకు జవాబు అక్కడ దొరుకుతుంది.

ఎవరు దూరం పెట్టారు?

యంత్రం మొదటి నుంచీ మగవాడిదేనన్నది చరిత్ర తెలియని మాట. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ తన ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని, భర్తకు చెప్పకుండా, ఆయన తయారుచేసిన మోటారు బండిలో మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసింది. కారులో అంత దూరం అంతకుముందు ఎవరూ పోలేదు. ఆ బండికి ఇప్పటిలాంటి రేడియేటర్ లేదు. నీళ్ళు ఆవిరై పోతుండేవి, ఆమె దారిపొడుగునా ఆగి నింపుకుంటూ పోయింది. ఇంధనం గొట్టం మూసుకుపోతే టోపీకి గుచ్చుకునే పిన్నుతో పొడిచి తీసింది. బ్రేకులు అరిగితే చెప్పులు కుట్టేవాడి చేత తోలు వేయించింది. ప్రపంచంలో తొలి దూరప్రయాణపు మరమ్మతులు చేసింది ఒక స్త్రీ, తన ఒంటి మీది వస్తువులతో. పేటెంటు మాత్రం భర్త కార్ల్ బెంజ్ పేరున ఉంది.

నౌపడకు కూడా యంత్రాలు కొత్త కాదు. 1900లో మొదలైన పర్లాకిమిడి చిన్న రైలు ఇక్కడి నుంచే బయలుదేరేది. దశాబ్దాల పాటు ఆవిరి ఇంజన్లు ఈ ఊరి మీదుగా తిరిగాయి. ఇప్పుడు అదే దారిలో పెద్ద పట్టాల మీద గుణుపూర్ దాకా రైలు పోతోంది. ఇన్నేళ్ళలో ఈ ఊళ్ళో ఇంజిన్ల పక్కన నిలబడి పని నేర్చుకున్న వాళ్ళెవరు? నేను చూసిన ఉప్పు మళ్ళలో నీళ్ళు తోడే ఇంజిను దగ్గర మగవాడుంటాడు. ఉప్పు గంపలు నెత్తి మీద మోసేది స్త్రీలు. తాడు లాగి ఇంజిను స్టార్ట్ చెయ్యడం కంటే గంప మొయ్యడం సుఖమైన పనేం కాదు. అయినా ఒకటి 'నైపుణ్యం', ఒకటి 'కూలి'. రేటులో తేడా అక్కడ మొదలవుతుంది. శ్రమ విభజన బలాన్ని బట్టి జరగలేదు. యంత్రం ఎవరి చేతిలో ఉందన్న దాన్ని బట్టి జరిగింది.

చట్టం కూడా ఈ విభజనకు ముద్ర వేసింది. 1948 ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షన్, తిరుగుతున్న ఇంజిన్లను, వాటి శక్తిని అందించే యంత్రభాగాలను శుభ్రం చెయ్యడం, నూనె వెయ్యడం, సర్దడం స్త్రీలకూ మైనర్లకూ కలిపి నిషేధించింది. ప్రమాదం స్త్రీకొకటి, పురుషుడికొకటి ఉండదు కదా. పళ్ళచక్రంలో ఎవరి వేలు పడ్డా తెగుతుంది. యంత్రానికి అడ్డు కట్టడం బదులు స్త్రీకి అడ్డు కట్టారు. 2020లో పార్లమెంటు ఆమోదించి 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్, అన్ని సంస్థల్లో అన్ని రకాల పనుల్లోనూ చేరే హక్కు స్త్రీలకుందని అంటోంది. కాగితం మీద గేటు తెరిచారు. పానా చేతికివ్వని చోట ఆ గేటులోంచి ఎవరు లోపలికి పోతారు?

ప్రమాదం గురించి ఇంకో మాట. రేడియేటర్లకు టంకం వేసే చిన్న షాపుల్లో సీసం పొగ పీల్చేది అక్కడి కార్మికులు, సాయానికి పెట్టుకున్న పిల్లలు. సీసం గర్భిణులకు మరీ ప్రమాదం, నిజమే. దాన్ని సాకుగా చూపి స్త్రీలను ఆ పనికి దూరం పెట్టడం ఒక దారి, ఆ షాపులో పొగ బయటకు పోయే ఏర్పాటు చెయ్యడం ఒక దారి. అమెరికాలో ఒక బ్యాటరీ కంపెనీ సీసం పేరు చెప్పి పిల్లలు పుట్టే అవకాశమున్న స్త్రీలనందరినీ ఆ పనుల నుంచి మినహాయిస్తే, అది వివక్షేనని అక్కడి సుప్రీంకోర్టు 1991లో తీర్పు చెప్పింది. సీసం మగవాడి ఒంటికీ చేటే. స్త్రీని పంపించేస్తే షాపు శుభ్రపడదు.

చేతికి అందిన చోట

అవకాశం ఇచ్చిన చోట ఏం జరిగిందో మనకు తెలుసు. 1991లో తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమంతో పాటు స్త్రీలకు సైకిలు నేర్పారు. అప్పటి కలెక్టర్ షీలా రాణి చుంకత్ పూనికతో వేల సంఖ్యలో గ్రామీణ స్త్రీలు సైకిలెక్కారు. నీళ్ళకి, పనికి, ఆస్పత్రికి ఎవరి కోసమూ ఎదురుచూడకుండా వెళ్ళారు. ఉత్తరప్రదేశ్‌లోని బాందా జిల్లాలో 1990ల తొలి ఏళ్ళలో మహిళా సమాఖ్య స్త్రీలు చేతిపంపుల మరమ్మతు నేర్చుకున్నారు. చాలామంది దళిత, ఆదివాసీ స్త్రీలు. చదువు రాని వాళ్ళు. పంపు విప్పడం నేర్చుకున్న వాళ్ళే, విడిభాగాల లెక్క రాసుకోవడానికి చదువు కావాలని అడిగారు. చదువు ముందా పానా ముందా అని మనం చేసే చర్చకు వాళ్ళు ఆచరణలో జవాబు చెప్పారు.

మన తెలుగు నేలలోనూ ఉన్నారు. నల్గొండ జిల్లా నుంచి వెళ్ళిన గిరిజన యువతి సరిత 2015లో ఢిల్లీ రవాణా సంస్థలో తొలి మహిళా బస్సు డ్రైవరయింది. కొత్తగూడెం దగ్గర సుజాతనగర్‌లో భర్తతో కలిసి లారీ టైర్లు విప్పే, వెల్డింగ్ చేసే స్త్రీ గురించి పత్రికల్లో చదివాం. కానీ వాళ్ళ గురించి రాసేటప్పుడు పత్రికలు 'మగవాళ్ళకు దీటుగా' అనే అంటాయి. కొలబద్ద ఇంకా మారలేదు.

రెండు అభ్యంతరాలు

ఈ మాటలు మిత్రులతో అన్నప్పుడు రెండు అభ్యంతరాలు వచ్చాయి. మొదటిది, కారు ఉన్నవాళ్ళ గొడవ ఇది, పేద స్త్రీలకేం సంబంధం అని. సంబంధం నాకు ఆ బిందె దగ్గర కనబడింది. మా బండి తాగింది ఆమె మోసిన నీళ్ళు. మా అజ్ఞానం ఖరీదు ఆమె చెల్లించింది, ఇంకొక్కసారి నడిచి. పైగా ఇవాళ బండ్లు కార్లే కాదు. అప్పు తీసుకుని ఆటో కొనుక్కున్న సంఘం స్త్రీలున్నారు. రేడియేటర్ ఉన్నదైనా లేనిదైనా, బండి ఆగిన రోజు వాళ్ళ ఆదాయం ఆగుతుంది, కంతు ఆగదు. మెకానిక్ చెప్పిందల్లా నమ్మాల్సి వస్తే సంపాదన గ్యారేజీకే పోతుంది.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. ఇంటి చాకిరీ అంతా స్త్రీల మీదే ఉంది, ఇప్పుడు కారు మరమ్మతు కూడా ఇంట్లోకి తెచ్చి మన నెత్తిన పెడతారా అని. ఈ భయం న్యాయమైనదే. 'ఇంట్లో చేసుకోవచ్చు' అనే ప్రతి మాట వెనక ఎవరు చేస్తారన్న ప్రశ్న ఉండాలి. వంట, గుడ్డలు, పిల్లలు అలాగే ఉంచి పానా కూడా ఇస్తే అది విముక్తి కాదు, అదనపు డ్యూటీ. అందుకే నేనడిగేది స్త్రీలు ఇంటి కారు కూడా బాగుచెయ్యాలని కాదు. చెయ్యాలో వద్దో, ఎవరి చేత చేయించాలో, ఎంత ఇవ్వాలో నిర్ణయించే జ్ఞానం వాళ్ళ దగ్గర ఉండాలని. మగవాడు మెకానిజం నేర్చుకున్నప్పుడు అది జీతమున్న పనవుతుంది. స్త్రీ నేర్చుకున్నప్పుడూ అలాగే కావాలి.

మన సంస్థల లోపల

చివరగా మన ఇంటి సంగతి. జెండర్ మీద శిక్షణలు ఇచ్చే సంస్థల్లో కూడా బండి తాళాలు ఎవరి జేబులో ఉంటాయి? క్షేత్ర పర్యటన ఏ రోజు, ఏ ఊరికి, ఎన్నింటికి తిరిగి రావాలన్నది చాలాసార్లు డ్రైవరు వీలును బట్టి తేలుతుంది. పొద్దుపోయాక ఒక ఊళ్ళో స్త్రీ మీద హింస జరిగిందని ఫోను వస్తే మనం వెళ్ళగలమా లేదా అన్నది డ్రైవరు దొరకడం మీద ఆధారపడి ఉంటుంది. ఇది డ్రైవర్ల మీద ఫిర్యాదు కాదు, వాళ్ళు కూడా తక్కువ జీతానికి ఎక్కువ గంటలు చేసే కార్మికులే. ఇది మన మీద ఫిర్యాదు. నివేదిక ఎలా రాయాలో మూడు రోజులు నేర్పించే మనం, బానెట్ ఎలా ఎత్తాలో ఒక పూట కూడా నేర్పించం.

చెయ్యగలిగినవి పెద్ద ఖర్చువి కావు. బండి ఉన్న ప్రతి సంస్థలో స్త్రీలు, పురుషులు అందరూ ఏడాదికొక రోజు బండి విప్పి చూడాలి. నీళ్ళు, ఆయిల్, బెల్టు, టైరు చూసే వంతు వారానికొకరికి రావాలి. నేర్పిన మెకానిక్‌కు, డ్రైవరుకు శిక్షకులకిచ్చే గౌరవ వేతనమే ఇవ్వాలి. బండిలో పానాలు, స్క్రూడ్రైవర్, రెండు క్లిప్పులు, ట్యూబు ముక్క, ఎం-సీల్, అయిదు లీటర్ల మంచినీళ్ళ డబ్బా, మందపాటి గుడ్డ ఉండాలి. యువతుల కోసం వృత్తి శిక్షణ పెడుతున్న సంస్థలు కుట్టు, బ్యూటీ పార్లర్‌తో ఆగకుండా మోటారు మెకానిక్ పనిని కూడా చేర్చాలి. ఐ.టి.ఐ.లలో ఆ కోర్సులో ఎందరు అమ్మాయిలు చేరారో మన జిల్లాల్లో మనమే వెళ్ళి అడగాలి.

ఈ ప్రాంతంలో ఇది ఇంకా అవసరం. 2023 ఏప్రిల్‌లో మూలపేట పోర్టుకు శంకుస్థాపన జరిగింది. పోర్టంటే క్రేన్లు, లారీలు, పంపులు, జనరేటర్లు. వాటిని నడిపేవాళ్ళూ బాగుచేసేవాళ్ళూ కావాలి. ఆ మనుషుల లెక్కలో ఇక్కడి స్త్రీలుంటారా, లేక మళ్ళీ గంప మోసే చోట, గదులు ఊడ్చే చోట మాత్రమే ఉంటారా? 2011లో కాకరాపల్లి తంపరను కాపాడుకోవడానికి ముందు వరసలో నిలబడి లాఠీలు తిన్న స్త్రీల మండలం ఇది. వాళ్ళకు ధైర్యం మనం నేర్పనక్కర్లేదు. లేనిది యంత్రం దగ్గరకు పోయే దారి.

కిందటిసారి నౌపడ వెళ్ళినప్పుడు ఆ పెద్దమ్మ కోసం వెతికాను. ఇంటి ముందు కూర్చుని ఉంది. గుర్తుపట్టి, "బండి ఇంకా కారతందా?" అని అడిగింది. కారడం లేదని, మేమే బాగుచేసుకున్నామని చెప్పాను. నమ్మలేదు. బానెట్ ఎత్తి చూపించాను. ఎం-సీల్ పెట్టిన చోటు వేలితో తడిమి చూసింది. బిందెకు మాటు వేయించాక అలాగే చూస్తారు. "బాగానే ఉందిలే" అని, వెంటనే, "మా కోడలికి కూడా సెప్పండి. ఆటో కొంటానంటంది" అంది.

ఆ రోజు ఆమె దగ్గర తీసుకున్న బిందెడు నీళ్ళు మన సంస్థలన్నీ బాకీ ఉన్నాయి. ఆ కోడలికి నేర్పడంతో ఆ బాకీ తీర్చడం మొదలుపెడదాం.